ఆచూకీ తెలియదు

ఆమె పరారీలో ఉందని రాసిన కాగితాన్ని ఆసుపత్రి మేనేజరు ఆమె చేతికే ఇచ్చాడు.

సోమవారం ఉదయం. బట్టల గదిలో ఆపరేషన్ గౌన్లకు నాడాలు కుడుతోంది ఆమె. పిలుపు వస్తే మిషను మీద గౌను అలాగే వదిలేసి, చీరకొంగుకు అంటిన దారపు ముక్కలు దులుపుకుంటూ వెళ్ళింది. సంతకం పెట్టమంటారేమో అనుకుంది. ఎనిమిదేళ్ళు రోజుకూలి లెక్కన కుట్టింది. ఈ నెలలో కుట్టుపని పోస్టు పర్మనెంటు చేస్తున్నామని, జాబితాలో మొదటి పేరు ఆమెదేనని పెద్ద నర్సమ్మ తనే వచ్చి చెప్పింది.

“పోలీసు వెరిఫికేషన్ వచ్చింది. చదువుకో,” అన్నాడు మేనేజరు.

చదువుకుంది. కేసు పెండింగు. వారెంటు అమలు కాలేదు. ముద్దాయి పరారీ. ఆచూకీ తెలియదు.

“ఎవరండీ పరారీ?”

“నువ్వే.”

“నేనిక్కడే ఉన్నాను కదండీ.”

“నాకు కనపడుతూనే ఉన్నావమ్మా. కాగితంలోనే లేవు.”

ఆయన వెటకారానికి అన్నది కాదు. నిజంగానే ఏం చేయాలో తెలియక అన్నాడు. పోలీసు స్టేషన్ ఆసుపత్రికి రెండు వీధుల అవతల. పోయిన నెలలో కాలు విరిగి చేరిన కానిస్టేబుల్‌కు కట్టు మీదుగా పట్టేలా ప్యాంటు కాలు విప్పి, ఇంటికి వెళ్ళేటప్పుడు మళ్ళీ కుట్టి ఇచ్చింది ఈమే. కొలత తీసుకుంటుంటే అతను ఆమె పిల్ల చదువు గురించి కూడా అడిగాడు.

“శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు,” అన్నాడు మేనేజరు. “కేసు తేలిపోయిందని కోర్టు ముద్రతో నకలు తెస్తే నీ పేరు పంపిస్తాను. లేకపోతే జాబితాలో తర్వాతి పేరు. నా చేతుల్లో లేదు.”

ఆమె గదికి తిరిగొచ్చి, వదిలేసిన నాడాను పూర్తి చేసింది. సూది రెండుసార్లు పక్కకు పోయింది. ఎనిమిదేళ్ళలో ఆమె సూది ఎప్పుడూ అలా పోలేదు.

*

మధ్యాహ్నం భోజనాల వేళ స్టేషన్‌కు వెళ్ళింది. రైటరు గదిలో బల్ల నిండా రిజిస్టర్లు. ఆయన లావు కళ్ళద్దాల మనిషి. ఆమె ఇచ్చిన కాగితాన్ని దూరంగా పెట్టుకుని చదివి, తలెత్తి ఆమె వంక, మళ్ళీ కాగితం వంక చూశాడు.

“ఇది నువ్వేనా?”

“నేనేనండీ. ఆ రోజు అరెస్టు చేసినప్పుడు రాసుకున్నది ఉంటుంది కదా, అదీ, కేసు నంబరూ కావాలి. కోర్టులో అడుగుతారట.”

“అమ్మా, నువ్వొచ్చావని నేను రాశాననుకో, వారెంటుంది కాబట్టి నిన్ను లోపల కూర్చోబెట్టాలి. కాబట్టి నువ్వు రాలేదు.”

“మరి నంబరు?”

“రాని మనిషికి నంబరెలా ఇస్తాను?”

అయినా ఆయన లేచి వెనక బీరువాలోంచి పదకొండేళ్ళ కిందటి అరెస్టు రిజిస్టరు తీశాడు. అట్ట విడిపోయి తాడుతో కట్టి ఉంది. వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పి, పుస్తకాన్ని కాస్త ఆమె వైపు జరిపి, తను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. అదొక రకం దయ. తప్పు చేస్తున్నవాడి దయ.

పద్నాలుగు పేర్లు, ఒకదాని కింద ఒకటి. మొదటిది వదినది. ఆరోది తనది. తండ్రి పేరులో ఒక అక్షరం తప్పు. ఎదురుగా కారణం: గార్మెంటు ఫ్యాక్టరీ గేటుకు అడ్డంగా కూర్చుని దారి ఆపినందుకు. వాళ్ళు ఎందుకు కూర్చున్నారో రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు. పని జరుగుతున్నంతసేపూ వెనక తలుపుకు తాళం వేయొద్దని అడగడానికి కూర్చున్నారు. అంతకు ముందు వారమే ఇస్త్రీ గదిలో పొగ కమ్మింది. ఊపిరాడక ఇద్దరు పడిపోయారు.

అరెస్టు చేసిన సమయం చూసి ఆమె వేలు ఆగింది.

“సాయంత్రం ఐదని రాశారేమండీ? మమ్మల్ని పొద్దున పదిన్నరకి వ్యాన్ ఎక్కించారు. టీ కూడా తాగలేదు మేము. పదిన్నర నించి ఐదు దాకా మేమెక్కడున్నట్టు?”

“అప్పుడు నేనిక్కడ లేనమ్మా.”

“మీరు లేరు, నేను లేను. మరి ఇదంతా ఎవరికి జరిగిందండీ?”

రైటరు పుస్తకం మూసేశాడు. చిత్తుకాగితం మీద కేసు నంబరూ ఏడాదీ రాసి బల్ల అంచున పెట్టాడు. చేతికి ఇవ్వలేదు. ఆమె దాన్ని తీసుకునేసరికి ఆయన ఫోను ఎత్తి ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు.

*

కోర్టు మెట్ల పక్కన గొడుగు కింద కూర్చునే టైపిస్టు ముసలావిడ. మంగళవారం ఉదయం ఆమెకు దరఖాస్తు కొట్టి ఇచ్చింది ఆవిడే. చిత్తుకాగితం మీది నంబరు చూసి, “ఇది పోలీసుల నంబరు తల్లీ. కోర్టు నంబరు వేరే ఉంటుంది. లోపల పెద్ద రిజిస్టరులో వెతికించుకోవాలి. నకళ్ళ విభాగంలో ఇది ఇస్తే నంబరేదీ అంటారు, రికార్డు రూముకి పోతే దరఖాస్తేదీ అంటారు. ముందు ఎవరి దగ్గరికి వెళ్ళినా రెండోవాళ్ళ దగ్గరికి పంపుతారు. విసుక్కోకుండా తిరుగు,” అంది.

తిరిగింది. నకళ్ళ కిటికీలో అమ్మాయి నంబరేదీ అంది. రికార్డు రూములో గుమాస్తా దరఖాస్తు మీద కిటికీ ముద్ర ఏదీ అన్నాడు. ముద్ర వేయించుకుని వచ్చేసరికి భోజనానికి వెళ్ళాడు. మూడింటికి వచ్చి, నిలువెత్తు రిజిస్టరు తెరిచి, స్కేలు అంచుతో ఒక్కో వరుసా దిగుతూ వెతికాడు. నెమ్మదస్తుడు. రిటైరవడానికి దగ్గర్లో ఉన్నవాడిలా కనిపించాడు. చేతుల మీద కాగితం దుమ్ము పొడిలా అంటుకుని ఉంది.

“రెండు వందల పదకొండు. తీర్పు గడి ఖాళీ. అంటే పెండింగే.”

“లాయరుగారు కేసయిపోయినట్టే, ఇంక రానక్కర్లేదన్నారండీ.”

“ఆయన్ని అడగండి.”

“పోయారు. ఏడేళ్ళయింది.”

గుమాస్తా స్కేలు పక్కన పెట్టాడు. “ఫైలు చూసుకుంటానని ఇంకో దరఖాస్తు పెట్టండి. ఎల్లుండి కట్ట దింపిస్తాను.”

ఆ సాయంత్రం ఇంట్లో విషయం చెబితే, బస్సు డిపోలో మెకానిక్కు అయిన భర్త చేతులకు అంటిన గ్రీజును పాతగుడ్డతో తుడుచుకుంటూ విన్నాడు.

“కోర్టులోనే ఎవరైనా పట్టుకుంటేనో? మీ వదినని పట్టుకోలేదూ?”

“వదినది మొదటి పేరు. అడ్రసు సరిగ్గా ఉంది. నాది అప్పటి పుట్టింటి అడ్రసు. అందుకే దొరకలేదు.”

“ఆ మాటే నేనంటున్నాను. దొరకనిదానివి నీ అంతట నువ్వే పోయి…” అంటూ ఆగాడు. భార్య ముఖం చూశాక, ఆ వాక్యం పూర్తి చేయడం మంచిది కాదనిపించింది. “సరే. గురువారం నేనొస్తాను తోడు,” అన్నాడు.

“వద్దండీ. మీరూ పని మానితే ఎలా.”

వదిన పేరు ఆ ఇంట్లో వినపడి ఆరేళ్ళయింది.

*

గురువారం పదకొండింటికి గుమాస్తా కట్ట దింపించాడు. ఎర్రగుడ్డలో చుట్టిన పది పన్నెండు ఫైళ్ళు. ముడి విప్పి రెండు వందల పదకొండును ఆమె ముందు పెట్టాడు. “ఇక్కడే కూర్చుని చూసుకోవాలి. పెన్ను పెట్టకూడదు.”

ఆమె కాగితాలకంటే ముందు కుట్టు చూసింది. అది అలవాటు. ఏ గుడ్డ చేతికిచ్చినా ముందు తిరగేసి కుట్టే చూస్తుంది. ఫైలును ఎడమ పక్క దబ్బనంతో పొడిచి తెల్ల దారంతో కుట్టారు. ముడి గట్టిగానే ఉంది. రెండు చుట్లు తిప్పి వేసిన ముడి, పనిమంతుడి ముడి. కానీ దారం వదులుగా వేలాడుతోంది. కాగితాల మందానికి సరిపడా కంటే అరంగుళం పొడవు ఎక్కువుంది. కింద చిటికెన వేలు పెడితే దూరింది.

చివరి కాగితం చదివింది. కొత్త జడ్జి సంతకంతో ఒకే ఒక్క వరుస. నిందితులు గైర్హాజరు. వారెంటు. దాని కింద ఇంకో తేదీ, మళ్ళీ అదే. అలా ఏడాదికి నాలుగైదు సార్లు. పిలవని మనుషులు రాలేదని ఏటేటా రాసుకున్నారు.

“ఇందులోంచి కాగితాలు తీశారండీ,” అంది.

“ఏంటమ్మా?”

“కుట్టు వదులైంది. ఇంత గట్టి ముడి వేసినాయన దారం ఇలా వదిలెయ్యడు. నాలుగైదు కాగితాలు ఎక్కువుండగా కుట్టి, తర్వాత వాటిని జారదీశారు.”

గుమాస్తా నవ్వబోయాడు. ఫైలు అందుకుని, తనూ దారం కింద వేలు పెట్టాడు. నవ్వు ఆగిపోయింది.

“పక్క ఫైలు చూపించండి,” అంది ఆమె.

“అది మీ కేసు కాదు. వేరేవాళ్ళది మీకు చూపించకూడదు.”

“నాకు చూపించొద్దు. మీరే చూడండి. కుట్టు దగ్గర చూడండి, కాగితాలకి రెండు బెజ్జాలున్నాయో, నాలుగున్నాయో.”

గుమాస్తా రెండు వందల పన్నెండు తీసుకున్నాడు. ఏదో సైకిళ్ళ దొంగతనం కేసు. వెనక నించి పేజీలు తిప్పాడు. చివరి నాలుగు కాగితాల దగ్గర ఆగాడు. ఆమె కూర్చున్న చోటినించే కనిపిస్తోంది: ఆ నాలుగింటికే ఎడమ అంచున నాలుగేసి బెజ్జాలు. రెండు సార్లు కుట్టించుకున్న కాగితాలు.

ఆయన చదవడం మొదలుపెట్టాడు. ముందు మనసులో. తర్వాత, ఆమె ఎదురుగా ఉన్న సంగతి గుర్తొచ్చి, పైకి.

“కేసు నంబరు రెండు వందల పదకొండు. వ్యానెక్కించే సమయానికి గేటు తెరిచే ఉన్నదనీ, లారీలు వచ్చిపోతూనే ఉన్నాయనీ కాపలాదారే సాక్ష్యం చెప్పినందున… నిందితులు పద్నాలుగురి మీదా నేరం నిలవదు. కేసు కొట్టివేయడమైనది. అందరినీ విడుదల చేయడమైనది.”

“తేదీ?”

చెప్పాడు. పదేళ్ళ కిందటిది.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. పదేళ్ళు. వదినను మందుల కంపెనీలో ప్యాకింగు బల్ల దగ్గర్నించి, అందరూ చూస్తుండగా తీసుకుపోయింది ఆరేళ్ళ కిందట. అప్పటికి నాలుగేళ్ళుగా ఈ కాగితం ఇక్కడే ఉంది. కొట్టేసిన కేసులో వదిన రెండు రోజులు లోపల ఉంది.

“ఫెయిర్ కాపీ టైపు చేయడానికి విప్పుంటారు,” అన్నాడు గుమాస్తా మెల్లిగా. “ఆ రోజు రెండు కేసులూ కలిపి వచ్చుంటాయి. తిరిగి కుట్టేటప్పుడు…”

మాట మధ్యలో ఆపి, రెండో ఫైలు ముడి వంక చూస్తున్నాడు. రెండు చుట్లు తిప్పిన ముడి. బల్ల మీదున్న ఎర్రగుడ్డ కట్టకు, ఆమె కళ్ళెదుటే ఆయన ఇందాక విప్పింది కూడా అదే ముడి. ఆమె చూసింది. చూసిందని ఆయనకూ తెలిసింది.

ఆయన రెండు ఫైళ్ళనూ దగ్గరికి జరుపుకున్నాడు.

“మీకు రేపటికల్లా కాగితం కావాలన్నారు కదా. ఒక పని చేద్దాం. ఈ నాలుగు కాగితాలూ వాటి చోటికి అవి మార్చి కుట్టేస్తాను. రిజిస్టరులో ఖాళీ గడి నింపేస్తాను. రేపు పన్నెండింటికి ముద్ర వేసిన నకలు మీ చేతిలో ఉంటుంది. వారెంటు దానంతటదే పోతుంది. అందరిదీ పోతుంది. ఎవరికీ నష్టం లేదు.”

“ఇవి ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయో?”

“అది… ఎక్కడా రానక్కర్లేదు. ఇక్కడే ఉన్నట్టు.” ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. “నాకింక నాలుగు నెలల సర్వీసుందమ్మా.”

ఆమెకు ఒక్కసారిగా కోపం రాలేదు. ముందు నకలే కళ్ళముందు మెదిలింది. రేపు పన్నెండు. ఐదింటికి ఇంకా చాలా టైముంటుంది. ఆ తర్వాతే, మిగిలింది ఒక్కొక్కటిగా లోపలికి దిగింది. కాగితాలు మొదటి నించీ సరైన చోటే ఉన్నట్టయితే, వదినను ఎందుకు పట్టుకున్నట్టు? ఎవరు పట్టుకున్నట్టు? అసలు పట్టుకోనట్టే.

“రేపు పొద్దున వస్తాను,” అంది లేస్తూ. “అప్పటిదాకా ఆ కుట్టు విప్పకండి.”

“విప్పనని నేనెలా…”

“విప్పకండి బాబుగారూ,” అంది మళ్ళీ. అడుక్కుంటున్నట్టు లేదు ఆ గొంతు.

*

అన్నయ్య ఇంటికి దారి కాళ్ళకు గుర్తుంది. సాయంత్రం ఐదున్నర. వదిన వరండాలో నేల మీద కూర్చుని మందుల షాపుల కోసం కాగితపు కవర్లు అంటిస్తోంది. ఎదురుగా మైదా జిగురు గిన్నె. మడత, గీత, జిగురు, ఒత్తు. తలెత్తి చూసి, చేతులు ఆపకుండానే, “అన్నయ్య ఇంకా రాలేదు,” అంది.

“నీ కోసమే వచ్చాను వదినా.”

“కూర్చో. ఆ కట్ట మీద కాదు, అవి ఆరలేదు.”

కూర్చుంది. సోమవారం నించి జరిగిందంతా చెప్పింది. వదిన కవర్లు అంటిస్తూనే ఉంది. తీర్పు మాట చెప్పినప్పుడు కూడా ఆపలేదు. గుమాస్తా ఏం చేద్దామన్నాడో చెప్పాక చేతులు ఆగాయి.

“తేదీ ఎంతన్నావు?”

మళ్ళీ చెప్పింది.

“ఇంకోసారి చెప్పు.”

చెప్పింది. వదిన వేళ్ళకు ఎండిన జిగురును పొరలు పొరలుగా ఒలుచుకుంటూ ఉండిపోయింది.

“కంపెనీలో నా వెనక నడిచొచ్చిన పోలీసాయన నా టిఫిను డబ్బా పట్టుకున్నాడు. పడిపోతుందని,” అంది. “మంచివాడే. ఆ సూపర్‌వైజరు అన్నాడూ, ఇన్నాళ్ళూ మన మధ్య తిరిగిందా ఈవిడ అని. ఆ మాటకి వారెంటక్కర్లేదు, విడుదలక్కర్లేదు. అది ఎవరు కొట్టేస్తారు?”

“వదినా, ఆ రోజు అన్నయ్య ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చాడు. లాయరు రానక్కర్లేదన్న సంగతి వచ్చి చెప్పమని. నేను డ్యూటీలో లేనని వాచ్‌మన్ చేత చెప్పించాను.”

“తెలుసు.”

“ఎలా?”

“నీ మిషను చప్పుడు వినపడిందట. నువ్వు తొక్కితే వేరేగా ఉంటుంది, మీ అన్నయ్య చిన్నప్పట్నించీ విన్నదే.” వదిన ఇంకో కాగితం తీసుకుని మడిచింది. “రోజుకూలి ఉద్యోగం. భయం. నీ చోట నేనున్నా అదే చేసేదాన్నేమో. చేసేదాన్ని కాదేమో. ఇప్పుడెందుకది.”

ఆమెకు ఏడుపు రాలేదు. చెయ్యి చాచి తనూ ఒక కాగితం తీసుకుంది. మడత, గీత. వదిన చూసి, “అంచు ఇంకా లోపలికి,” అంది.

కొంతసేపు ఇద్దరూ అంటించారు.

“రేపు నీ నకలు తెచ్చుకో,” అంది వదిన. “పర్మనెంటు అంటే చిన్న సంగతి కాదు. పిల్ల చదువుంది. నేనేమీ అనుకోను.”

“నువ్వైతే ఏం చేస్తావు?”

“నేనా.” వదిన గిన్నెలో జిగురును వేలితో కలిపింది. “ఆ కాగితాలు అవి ఉన్నచోటే ఉండాలంటాను. జడ్జిగారు అక్కడే చూడాలి. పక్కవాడి దొంగతనం కేసులో కుట్టి ఉండగా చూడాలి. నా రెండు రోజులకి అదొక్కటే సాక్ష్యం. ఇంకేమీ లేదు నా దగ్గర.”

*

శుక్రవారం తొమ్మిదింటికే ఇద్దరూ టైపిస్టు గొడుగు కిందికి చేరారు. ముసలావిడ కథంతా విని, రిబ్బను మార్చుకుని, కొట్టడం మొదలుపెట్టింది. వారెంటు ఎత్తేయమని ఒకటి. రెండు వందల పన్నెండో నంబరు ఫైలును కుట్టు విప్పకుండా కోర్టు ముందు పెట్టమని ఒకటి. “రెండోది నా సర్వీసులో ఎప్పుడూ కొట్టలేదు,” అంది.

పదకొండున్నరకు పిలిచారు. జడ్జి ముప్పై అయిదేళ్ళు దాటని మనిషి. ముందు విసుగ్గా చదివాడు, తర్వాత విసుగు లేకుండా చదివాడు. రికార్డు గుమాస్తాను పిలిపించమన్నాడు.

ఆమె తలుపు వైపే చూస్తూ ఉంది. రాత్రంతా ఆ గదికి తాళం ఉంది. తాళం చెవి ఆయన దగ్గరే ఉంది. నాలుగు నెలల సర్వీసు. దబ్బనం, దారం, పది నిమిషాల పని. గుమాస్తా వచ్చాడు. చంకలో రెండు ఫైళ్ళు. ఆమె వంక చూడలేదు. ఫైళ్ళు బల్ల మీద పెట్టి, రెండో దాని చివరి కాగితాలు తెరిచి, తనే వేలితో చూపించాడు. నాలుగేసి బెజ్జాలు.

“ఎవరు కుట్టారివి?” అన్నాడు జడ్జి.

“నేనేనండీ.”

“ఎప్పుడు తెలిసింది?”

“నిన్న. ఆమె చెబితే.” కాస్త ఆగి, “నిన్ననే సర్దేద్దామని కూడా అన్నానండీ. ఆవిడ వద్దన్నారు,” అన్నాడు.

జడ్జి కలం మూత తీశాడు. “పొరపాటున వేరే ఫైలులో చేరినందువల్ల…” అని చెబుతుంటే స్టెనో రాసుకుంటోంది.

వదిన చెయ్యెత్తింది. బడిపిల్లలు ఎత్తినట్టు.

“అయ్యా, పొరపాటనే రాయండి. కానీ తేదీలు కూడా రాయండి. కేసు కొట్టేసిన తేదీ, నన్ను పట్టుకున్న తేదీ. రెండూ పక్కపక్కన.”

జడ్జి వదిన వంక చూశాడు. ఏమన్నా అంటాడేమో అనుకున్నారు. ఆయన స్టెనో వైపు తిరిగి, రెండు తేదీలూ చెప్పాడు. పక్కపక్కనే.

వారెంటు ఎత్తేసే ముందు పేర్లు పిలవాలట, పద్ధతి. బంట్రోతు వసారాలోకి వెళ్ళి, కాగితం చూస్తూ గట్టిగా ఒక్కో పేరూ పిలవడం మొదలుపెట్టాడు. మొదటి పేరుకు వదిన “ఉన్నాను” అంది. రెండో పేరుకు వసారాలో ఎవరూ పలకలేదు. “గైర్హాజరు, ఆచూకీ తెలియదు,” అని స్టెనో రాయబోయింది.

“తెలుసండీ,” అంది వదిన. “కాలరక్క. కాలర్లు కుట్టేది, ఫ్యాక్టరీలో అలాగే పిలిచేవాళ్ళం. బస్టాండు వెనక లాడ్జిలో గదులు ఊడుస్తుంది. పొద్దున ఆరు నించి రెండు దాకా అక్కడే ఉంటుంది.”

స్టెనో జడ్జి వంక చూసింది. ఆయన రాసుకోమన్నట్టు తలూపాడు.

మూడో పేరు. “గుండీల పిల్ల. ఇప్పుడు పిల్ల కాదు, ఇద్దరు బిడ్డలు. నీళ్ళ ట్యాంకు దగ్గర మూడో లైను. భర్తకి తెలిస్తే గొడవని ఈ కేసు మాట ఇంట్లో చెప్పలేదు. కాగితం నా చేత పంపండి.”

నాలుగో పేరు. “కాజాల అక్క. రైలుగేటు అవతల, నీలం తలుపు.”

ఐదో పేరు. “ఇస్త్రీ పెద్దమ్మ. పోయింది, రెండేళ్ళయింది. ఊపిరితిత్తులు. కూతురు అదే ఇంట్లో ఉంది.”

ఆరో పేరుకు ఆమె “ఉన్నానండీ” అంది. స్టెనోకు వినపడలేదు. మళ్ళీ అంది.

పద్నాలుగు పేర్లూ అయ్యాయి. పదేళ్ళుగా పోలీసులకు దొరకని పన్నెండుమందీ, కవర్లు అంటించుకునే వదినకు గడపలతో సహా తెలుసు. వదిన ఏ పుస్తకంలోనూ చూసి చెప్పలేదు. హాలులో ఒక లాయరు గడియారం చూసుకున్నాడు.

నకళ్ళు మంగళవారం ఇస్తామన్నారు. కొత్త ఉత్తర్వు టైపవ్వాలి, సంతకం కావాలి, ముద్ర పడాలి.

*

నాలుగూ నలభైకి ఆసుపత్రి మేనేజరు ముందు నిలబడింది. జరిగింది చెప్పింది. ఆయన మొత్తం విన్నాడు.

“నేను నమ్ముతున్నానమ్మా. కానీ కాగితం?”

“మంగళవారం ఇస్తారు.”

“ఇవాళ శుక్రవారం.” ఆయన పెన్నుతో బల్ల మీద కొట్టాడు. “నిన్ననే నకలు సిద్ధం చేస్తామన్నారని చెప్పావు. తీసుకోవాల్సింది.”

“ఒప్పుకుంటే మా వదినని అరెస్టు చేయనట్టే అవుతుందండీ.”

“అది నిజమే. కానీ నీ ఉద్యోగం?”

ఐదింటికి ఆయన జాబితాలో రెండో పేరు పంపాడు. వచ్చే జాబితా ఎప్పుడో ఆయనకూ తెలియదు. సోమవారం ఆమె మళ్ళీ రోజుకూలి రిజిస్టరులోనే సంతకం పెట్టి మిషను ముందు కూర్చుంది. పెద్ద నర్సమ్మ వచ్చి, అన్యాయమంది. అవునంది ఆమె. గౌనుకు నాడా కుట్టింది. కోపం ఉంది, కానీ సూది పక్కకు పోలేదు.

మంగళవారం పదకొండింటికి ఇద్దరూ కోర్టు కిటికీ దగ్గర నకళ్ళ కట్ట తీసుకున్నారు. పద్నాలుగు. ప్రతిదాని మీదా ముద్ర, ప్రతిదానిలోనూ పక్కపక్కన రెండు తేదీలు. కట్టను తెచ్చి ఇచ్చింది రికార్డు గుమాస్తాయే. ఆయనకు మెమో వచ్చిందని కిటికీలో అమ్మాయి చెప్పింది. ఆయన తనేమీ చెప్పలేదు. “ఒకసారి లెక్క చూసుకోండి,” అన్నాడు అంతే. ఆమె చూసుకుంది. క్షమించానని ఆమె అనలేదు. ఆయనా అడగలేదు.

రైలుగేటు దాటి నీలం తలుపు కొట్టారు. లోపల ఏదో సర్దిన చప్పుడై ఆగిపోయింది. ఎవరూ పలకలేదు.

“కాజాల అక్కా, నేనే,” అంది వదిన.

“నేనంటే?”

“వెనక తలుపు తాళం తియ్యమని నీ పక్కన కూర్చున్నదాన్ని.”

గొళ్ళెం తీశారు. కాజాల అక్క తల పూర్తిగా నెరిసింది. కళ్ళు వాళ్ళిద్దరినీ దాటి, వాళ్ళ వెనక వీధిలో ఇంకెవరైనా ఉన్నారేమోనని వెతికాయి. ఎవరూ లేరని తేలాకే లోపలికి రమ్మంది. కూర్చున్నాక వదిన నకలు చదివి వినిపించింది. మొదటి నించి చివరిదాకా, ముద్ర మీద ఉన్న అక్షరాలు కూడా వదలకుండా.

“అయితే మనం ఆ రోజు చేసింది నేరం కాదన్నమాట,” అంది కాజాల అక్క.

“కాదని రాశారు.”

“ఎప్పుడు?”

“పదేళ్ళ కిందటే.”

కాజాల అక్క కాగితం చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో ముద్రను తడిమింది. “పదేళ్ళలో నేను మూడిళ్ళు మారాను,” అంది, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. “మోటారుసైకిలు ఆగితే చాలు, పెరట్లోకి పోయేదాన్ని. రాసినాయన రాశాడు సరే. ఒక్క మనిషిని పంపి, అమ్మా అయిపోయింది, ఇంక పడుకోండి అని చెబితే ఏం పోయేది?”



కాజాల అక్క కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. వదిన చేతిలోని కట్ట వంక చూసింది.

“ఇంకా ఎన్నున్నాయి?”

“మా ఇద్దరివీ పోగా పదకొండు.”

గూట్లోంచి తాళం కప్ప తీసుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

“కాలరక్క రెండింటికల్లా వెళ్ళిపోతుంది. నడవండి,” అంది.